మా ఊరికి బోరొచ్చిందన్న రోజు

మా ఊళ్లో ఫోను మాట్లాడాలంటే బడి వెనకున్న బండ ఎక్కాలి. ఎక్కినా సగం మాటలే వినబడతాయి, తక్కిన సగం మనమే అల్లుకోవాలి. ఆ రోజు నేను అల్లుకున్న సగానికి ఊరంతా నన్ను ఇప్పటికీ ఆట పట్టిస్తుంది.

కాఫీ కాయ రంగు తిరుగుతున్న రోజులవి. నేను బండ మీదుండగా అరకు నుంచి, వ్యవసాయం చూసే ఆఫీసు వాళ్ల ఫోను. గరగరల మధ్య నాకు వినబడింది ఇంతే: "మీ వైపు బోరర్... వచ్చింది... రేపు మా వాళ్లొస్తారు... ప్రతి చోటూ చూస్తారు, అందర్నీ ఉండమనండి."

నీళ్ల బోరు కోసం ఏళ్ల తరబడి అర్జీలు రాసిన చెయ్యి నాది. బోరు అన్న మాట చెవిన పడ్డాక ఇంకేం వినబడుతుంది? బండ దిగుతూనే అరిచాను, మన ఊరికి బోరొచ్చిందని.

పొద్దున లేస్తే కొండ కింద వాగు పారే గెడ్డలోకి దిగి, బిందెలతో మళ్లీ కొండెక్కే ఆడవాళ్లం మేం. కబురు విన్నాక ఎవరాగుతారు? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బోరు ఎక్కడ తవ్వాలన్న తగువు అప్పుడే మొదలైంది. తన గుమ్మం ముందే పడాలంది పక్కింటి పెద్దమ్మ. చింతచెట్టు కిందే పడాలంది మా అమ్మ. ఇద్దరికీ సాయంత్రం దాకా మాటల్లేవు. అమ్మ అయితే సంతలోంచి కొబ్బరికాయ కూడా తెప్పించింది.

మర్నాడు మేం లారీ కోసం చూస్తుంటే జీపొచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు చేతిలో భూతద్దం, ప్లాస్టిక్ సంచులు తప్ప ఏమీ లేవు.

"బోరు బండి వెనకొస్తోందా సార్?" అన్నాను.

"ఏం బండమ్మా? నేను చెప్పింది బోరర్ గురించి. కాఫీ కాయని తొలిచే పురుగు. పక్క కొండ మీద కనబడింది."

అందరూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మా, పురుగు కోసమేటే నిన్నంతా తగువాడుకున్నాం?"

ఆ మాటకి నవ్వడానికి కూడా వ్యవధి లేకపోయింది. పురుగు పట్టిన తోటలో పచ్చికాయా పండుకాయా చూడకుండా మొత్తం దూసేసి, వేడినీళ్లలో ముంచి గోతిలో పూడ్చాలట. ఆ కొండను ఆనుకుని ఉన్నది మా తోటే, ముందు అదే చూస్తామన్నారు. నాన్న పోయాక అమ్మ ఒంటి చేత్తో నిలబెట్టిన తోట అది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఎకరన్నర. మా ఏడాది తిండీ బట్టా అందులోంచే రావాలి.

కాయ బొడ్డు దగ్గర సూదితో పొడిచినంత బెజ్జం ఉంటే పురుగున్నట్టేనని చూపించారు ఆఫీసరు. నేనూ చూడ్డం మొదలుపెట్టాను. భయం కళ్లతో చూస్తే ప్రతి కాయకీ బెజ్జమే కనబడుతుంది. నిన్న గంతులేసి అరిచిన నన్ను నేనే తిట్టుకున్నాను. అయిదో వరసలో ఆయన ఆగి ఒక కాయ తెంపారు. బొడ్డు మీద నల్లటి చుక్క. బ్లేడుతో కోస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను.

"గింజ శుభ్రంగా ఉంది. పై మచ్చే," అన్నారు.

తర్వాత కాలితో ఆకులు జరిపి నేల చూశారు. మరో చెట్టు కింద చూశారు. "కిందటేడు రాలిన కాయలేవమ్మా?" అని అమ్మనడిగారు.

అమ్మ భయపడిపోయింది. "ఏరీసినాను బాబూ. గింజని నేల మీద ఒగ్గీకూడదు కదా. తప్పైపోనాదేటి?"

చోడి, అదే రాగి చేలో ఒక్క వెన్ను రాలినా వంగి తీసి కళ్లకద్దుకునే మనిషి మా అమ్మ. కాఫీ కోతలైపోయాక బుట్ట పట్టుకుని ఎండుకాయల కోసం చెట్టు చెట్టు కిందా పాకుతుంటే, గుప్పెడు కాయల కోసం నడుం విరగ్గొట్టుకుంటావా అని నేనే కసిరాను. గింజ తొక్కితే పాపమే గుంటా అని ఏరుతూనే పోయింది. పురుగు ఆ రాలిన కాయల్లోనే దాక్కుని కొత్త కాపు మీదికి ఎక్కుతుందని ఆఫీసరు చెబుతుంటే, నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

తోటంతా చూసేసరికి మధ్యాహ్నమైంది. ఎక్కడా పురుగు లేదు. వారం వారం చూసుకుంటూ ఉండాలని చెప్పి, కొమ్మలకు కట్టమని పురుగుల్ని పట్టే బుట్టలు నాలుగు ఇచ్చారు. నేను అక్కడే చెట్టు మొదట్లో కూలబడి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. తోట దక్కింది. ఆ క్షణాన నాకింకేమీ అక్కర్లేకపోయింది.

బోరు కోసం తెప్పించిన కొబ్బరికాయని అమ్మ కాఫీ చెట్టు దగ్గరే కొట్టింది. ఆఫీసరుకు ఒక ముక్క పెట్టి, ఆయన నోట్లో వేసుకునేదాకా ఆగి అడిగింది. "బోరరు రాలేదు, సంతోషం బాబూ. మరి బోరెప్పుడొస్తాది?"

ఆయన నమలడం ఆపేశారు. "అది మా ఆఫీసు పని కాదమ్మా. మీరొక అర్జీ రాసివ్వండి, పై వాళ్లకి చేరుస్తాను."

అమ్మ నా వైపు తిరిగింది. "రాయే గుంటా. ఈపాలి సక్కగా ఇని రాయి."