స్నానం చేసి దిగవలెను

మా పెరట్లో వేడినీళ్ళ టబ్బు పక్కన గోడకి ఒక బోర్డు ఉంది. రాయించింది నేనే. "స్నానం చేసి దిగవలెను. ఒంటికి నూనె రాసుకుని దిగరాదు. సబ్బు వాడరాదు. బయట తిరిగిన బట్టలు లోపలికి తేరాదు." ఈ నియమాలన్నీ ఇంటికి వచ్చేవాళ్ళ కోసం. రాయించినవాడు దిగేటప్పుడు కూడా బోర్డు అక్కడే ఉంటుందన్న సంగతి నాకు చాలాకాలం తట్టలేదు.

మాది కాశీబుగ్గలో జీడిపిక్కల ఫ్యాక్టరీ. పిక్కల్ని ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి, కోసి, పప్పు తీసి పంపిస్తాం. ఇల్లు ఫ్యాక్టరీ వెనకే. ఒకసారి విశాఖపట్నంలో ఒక హోటల్లో రెండు రోజులు ఉన్నప్పుడు ఇలాంటి టబ్బులో కూర్చున్నాను. నడుము నొప్పి తగ్గిందని ఇంటికొచ్చి చెప్పాను. నిజానికి తగ్గింది నడుము నొప్పి కాదు. పక్క ఫ్యాక్టరీ యజమాని పెద్ద కారు కొన్న దగ్గర్నుంచి నన్ను పట్టుకున్న నొప్పి ఒకటుంది, అది.

టబ్బు లారీ దిగిన రోజు టెక్కలి నుంచి మా బావ, అంటే నా భార్య అన్నగారు, చూడటానికి వచ్చాడు. చుట్టూ తిరిగాడు. మూత ఎత్తాడు, దించాడు.

"పిక్కలు ఉడకబెట్టడానికి ఒక బాయిలరుంది కదా బావా, మనుషులకి ఇంకోటి కొన్నావేటి?"

"ఇది ఆరోగ్యానికి బావా."

"మరే. లోపలికెల్లేముందు పిక్కలు కూడా అలాగే అనుకునుంతాయి."

నీళ్ళు నింపాక అసలు కథ మొదలైంది. మా బోరుది కఠినజలం. వారం తిరక్కుండానే టబ్బు గోడలకి సున్నంలా తెల్లటి పొర కట్టింది. పదో రోజుకి నీళ్ళు పచ్చబారాయి. నూతుల్లో వేసే బ్లీచింగ్ పౌడరు గుప్పెళ్ళతో వేశాను. మా ఆవిడ మూత తీసి చూసి, "ఏటండీ ఇది, గంజి వార్చారా?" అంది. ఆ నీళ్ళు పారబోసి, టబ్బు అమ్మినవాడికి ఫోన్ చేసి, పరీక్ష కాగితాల డబ్బా ఒకటి తెప్పించాను.

కాగితం ముక్కని నీళ్ళలో ముంచి తీస్తే దాని మీది గళ్ళు రంగులు మారతాయి. ఆ రంగుల్ని డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. ముందు క్షారగుణం సరిచేయాలి, తర్వాత పీహెచ్ ఏడున్నర దగ్గరికి తేవాలి, ఆ తర్వాతే క్లోరిన్. వరస తప్పితే ఒకటి దిద్దేలోగా ఇంకోటి చెడుతుంది. ఇంటర్లో కెమిస్ట్రీ రెండుసార్లు తప్పినవాణ్ణి, ఇవన్నీ నేర్చుకుని కనబడ్డవాడికల్లా పాఠం చెప్పాను. పప్పు కొనడానికి వచ్చిన వ్యాపారులు కూడా క్షారగుణం గురించి విని, టీ తాగి, వెళ్ళిపోయేవారు.

పాఠం చెప్పడం నా పని. రోజూ చేయడానికి ఇంకొకరు కావాలి. మా కోత షెడ్డులో ఇరవై ఏళ్ళకి పైగా పిక్కలు కోసిన ఒకామె ఉండేది. ఉద్దానంలో ఒక పల్లె నుంచి ఆటోలో వచ్చేది. వేళ్ళు బిగుసుకుపోయి కోత నెమ్మదించడంతో ఆమెని టబ్బు పనికి పెట్టాను. దయతో పెట్టానని అందరికీ చెప్పుకున్నాను. మందులు చేతులకి తగలకూడదని రబ్బరు గ్లౌజులు కూడా ఇచ్చాను. అవి చేతికి తొడుక్కుని తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇవి అప్పుడే ఇచ్చుంటే బాగున్ను కదా బాబూ."

ఇరవై ఏళ్ళు ఆమె చేత పిక్కలు కోయించినప్పుడు ఇవ్వని గ్లౌజులు నా స్నానపు నీళ్ళ కోసం ఇచ్చాను. ఆ మాటకి నవ్వేశాను. అందులో నవ్వాల్సిందేమీ లేదని ఇప్పుడు తెలుసు.

ఆమె వారంలో పని నేర్చేసుకుంది. వడపోత గొట్టం విప్పి కడగడం, నీటి మీద తేలే తెట్టు వలతో తీయడం, కొలత ప్రకారం మందు వేయడం. కాగితం ముంచకముందే వాసన చూసి, "ఇయ్యాల మందు సాల్దు బాబూ," అనేది. కాగితం కూడా అదే చెప్పేది. ఒకరోజు ఆ కాగితాన్ని ఎండలో ఎత్తి పట్టుకుని అడిగింది:

"ఇది తాగే నీళ్ళకి పనికొత్తాదేటి బాబూ? మా ఊరు నీళ్ళు ఒకపాలి సూసుకుంతాను."

ఊరూరా కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో తాగే నీటిని అనుమానంగా చూడని ఇల్లు లేదు. ఆ సంగతి నాకు తెలియనిదా? "అది టబ్బు నీళ్ళకే," అని డబ్బా మూత పెట్టేశాను.

వేసవి వచ్చింది, కొత్త పిక్కలు వచ్చాయి. సరుకు కొనేముందు బస్తాలోంచి గుప్పెడు తీసి, పచ్చి పిక్కల్ని నడిమికి కోసి పప్పు నిండుగా ఉందో లేదో చూడాలి. ఆ పని నేను ఎవరికీ వదలను. తొక్కలోంచి కారే నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మా వైపు నడక నేర్చిన పిల్లలకి కూడా తెలిసిన విషయమిది. కోసిన చేతుల్ని భుజం మీది తువ్వాలుకి తుడుచుకునేవాణ్ణి. సాయంత్రం ఆమె ఆటో ఎక్కి వెళ్ళిపోయాక అదే తువ్వాలుతో టబ్బులో దిగేవాణ్ణి. దాన్ని వేడినీళ్ళలో ముంచి, పిండి, మెడ మీదా భుజాల మీదా పరుచుకుని కళ్ళు మూసుకునేవాణ్ణి. హోటల్లో అలాగే చేశారు. అక్కడి తువ్వాలు తెల్లగా, మల్లెపూల వాసన వేసేది. ఆ తేడా నాకు పట్టలేదు.

నీళ్ళలో క్లోరిన్ ఎంత వేసినా నిలవడం మానేసింది. మందు కల్తీదని అమ్మినవాణ్ణి ఫోన్లో తిట్టాను. ఆమె మాత్రం వల కర్రని నీళ్ళలో ముంచి, వేళ్ళతో రాసి చూసి చెప్పింది.

"నీళ్ళు జారతన్నాయి బాబూ. నూని దిగింది."

"కాగితం ఏడున్నర చూపిస్తోంది. నీకంటే కాగితానికి తెలీదా?"

"కాయితానికి నూని తెల్దు కదా."

ఆ ఆదివారం మా బావ వచ్చి గంటసేపు టబ్బులో కూర్చున్నాడు. మా ఆవిడ కాళ్ళు పెట్టుకుంది. మర్నాటికి బావకి ఒళ్ళంతా దద్దుర్లు, మా ఆవిడ కాళ్ళకి బొబ్బలు. జీడి కాలిన మచ్చ ఎలా ఉంటుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్ళలోకి జీడి నూనె ఎవరు తెచ్చారన్నదే ప్రశ్న. నాకు టబ్బు పని చేసే ఆమె చేతులు గుర్తొచ్చాయి. ఏళ్ళ తరబడి పిక్కలు కోసి వేళ్ళు, గోళ్ళు, అరచేతి గీతలు అన్నీ నల్లగా ఉంటాయి.

అప్పుడామె కోత షెడ్డులో పాత స్నేహితురాళ్ళతో కూర్చుని అన్నం తింటోంది. బావని వెంటబెట్టుకుని వెళ్ళి, ముప్పై మంది ఆడవాళ్ళు చూస్తుండగా అరిచాను.

"ఆ చేతులు నా నీళ్ళలో పెట్టావు! ఇంటిల్లిపాదికీ ఒళ్ళు కాల్చావు. రేపట్నుంచి రావద్దు."

ఆమె ముద్ద కంచంలో పెట్టేసింది. చేతులు రెండూ చాపి నాకు చూపించింది.

"ఈ నలుపు ఊడి రాదు బాబూ. నీళ్ళకి వొదిలిపోయేదైతే నా సేతులు ఎప్పుడో తెల్లబడిపోవా?"

మాట తగిలింది. తగిలినప్పుడు గొంతు పెంచడం నా అలవాటు. పెంచాను. ఆమె లేచి, గ్లౌజులు తెచ్చి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

టబ్బు ఖాళీ చేసి, కడిగి, కొత్త నీళ్ళు పట్టి, మందులు స్వయంగా వేశాను. ఏళ్ళుగా పిక్కలు కోసి మొద్దుబారిన నా తోలు కూడా ఇక ఆగలేదు, వారానికి నా భుజాలే పేలాయి. పలాసలో చర్మం డాక్టరు చొక్కా విప్పమని, వెనక్కి తిప్పి చూసి నవ్వాడు.

"మీకెవరైనా సన్మానం చేశారా? సరిగ్గా శాలువా కప్పినంత మేరే లేచింది. ఇక్కడ ఏం గుడ్డ వేసుకుంటారు?"

తువ్వాలు అప్పుడు కూడా నా భుజం మీదే ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. డాక్టరుకి గుర్తులేదని చెప్పాను.

ఇంట్లో మందు కల్తీ వల్లేనని చెప్పాను. ఆ అబద్ధం మూడు వారాలు నిలిచింది, నా క్లోరిన్ కంటే ఎక్కువే. ఒకరోజు మా ఆవిడ ఆ తువ్వాలు వేలితో ఎత్తి పట్టుకుని నా ముందుకొచ్చింది.

"ఇది ఉతికిన రోజే నా సేతులు మండుతున్నాయి. మందు కల్తీయా, మనిషి కల్తీయా?"

తర్వాత మా ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. నేను పంపేసిన ఆమె పలాసలో ఒక ఇంట్లో వంటపనికి అడగబోతే, ఆ చేతుల్లో జీడి ఉందట కదా, అన్నం ముట్టనిస్తామా అని పంపేశారట. ఇంకో రెండు ఇళ్ళలోనూ అదే మాటట. ఆ మాట మా షెడ్డులోంచే వెళ్ళింది.

మర్నాడు ఆమె ఊరికి వెళ్ళాను. గుమ్మంలో కొబ్బరి ఈనెలు తీస్తోంది. పీట వేసింది.

"జరిగిందేదో జరిగింది. రేపట్నుంచి పనికి వచ్చేయ్," అన్నాను.

"ఏటి జరిగింది బాబూ?"

చెప్పాను. నసుగుతూ, అక్కడక్కడా దాటేస్తూ చెప్పాను. ఆమె విని ఈనె కట్టకి ముడి వేసింది.

"ఇది నాకెందుకు సెప్తారు? నాకు ముందే తెలుసు. ఎవలి ముందు అన్నారో ఆల ముందు సెప్పండి."

సోమవారం ఆమెతో పాటు కోత షెడ్డులోకి వెళ్ళాను. యంత్రాలు ఆగాయి. ముప్పై మంది తలెత్తారు. రాత్రంతా ఒక వాక్యం కట్టుకుని వచ్చాను, అది అప్పజెప్పాను.

"ఆవిడ చేతుల వల్ల కాదు. తువ్వాలు ఒకటి నీళ్ళలో పడటం వల్ల అలా జరిగింది."

వెనక వరసలోంచి ఒక ముసలమ్మ అడిగింది: "ఎవలి తువ్వాలు బాబూ?"

"ఫ్యాక్టరీది."

"ఫ్యాక్టరీ తువ్వాలుకి కాళ్ళున్నాయేటి? అదే నడుసుకెల్లి తానం సేసిందేటి?"

షెడ్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. చెమట తుడుచుకోబోయి భుజం తడుముకున్నాను. తువ్వాలు లేదు.

"నాది," అన్నాను. "తప్పు నాది. ఒళ్ళు కాల్చింది నేను. ఆవిణ్ణి అన్న మాట అబద్ధం."

అన్నచోట ఆ మాట వెనక్కి తీసుకున్నాను. అది వెళ్ళిన ఇళ్ళలో ఒకదానికే వెళ్ళగలిగాను. అక్కడ కూడా ఇంటాయన లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, "పోనీండి, అలాంటివాళ్ళు అంతే," అన్నాడు. ఎలాంటివాళ్ళో అడగకుండా కాఫీ తాగి వచ్చేశాను. ఆ బాకీ ఇంకా నా మీదే ఉంది.

ఆమె మళ్ళీ వస్తోంది. షెడ్డులో అందరికీ గ్లౌజులు ఇచ్చాను. రెండు జతలు అప్పుడే చిరిగాయని, యజమాని లాగే పైకి మాత్రం బాగుంటాయని అంటున్నారట. ఇప్పుడు సాయంత్రం ఆటో ఆలస్యమైనా సరే, నేను దిగేదాకా ఆమె టబ్బు దగ్గరే ఉంటుంది. నిన్న సరుకు చూసి నేరుగా పెరట్లోకి వచ్చాను. ఆమె మూత ఓరగా ఎత్తి కాగితం ముంచి, రంగులు చూసి, నీళ్ళు బాగున్నాయంది. మూత మాత్రం పూర్తిగా తీయలేదు.

"సేతులు సూపించండి బాబూ."

చాపాను. వంగి వాసన చూసింది.

"ఎల్లి కడుక్కు రండి."

బోర్డు వైపు చూడకుండా కుళాయి దగ్గరికి నడిచాను.