నల్లతోలు తొడిగిన తెల్లపిల్ల

ముసురు పట్టిన పొద్దున చిట్యాల కాడ బస్సెక్కి నా పక్కన కూసున్న అవ్వ ఒళ్లో ఒక తెల్ల గొర్రెపిల్ల ఉండె. దాని మీద నల్ల ఉన్ని తోలు అంగిలెక్క తొడిగి ఉంది. చెయ్యి పెడితే పైతోలు సల్లగ, లోపల పానం వెచ్చగ కొట్టుకుంటాంది.

"గిదేంది అవ్వా?"

"దీని తల్లి సచ్చింది బిడ్డా. ఇంటికాడ మా గొర్రెకు పిల్ల సచ్చింది. గా పిల్ల తోలే ఇది. వాసన జూసి తన పిల్లే అనుకొని పాలిస్తది."

"మరి తోలు?"

"అలవాటైనంక మెల్లగ తీసేస్త. అప్పటికి గొర్రె దీనికి తల్లయితది."

అవ్వ తన ఊరి ముందటి కమాన్ కాడ దిగింది. నేను కండ్లు మూసుకున్న.

మా అమ్మ పోయినంక నన్ను సాదిన చిన్నమ్మ, సచ్చిపోయిన తన బిడ్డ గౌన్లే నాకు తొడిగేది. ఎప్పుడు మానేసిందో ఎంత తలుసుకున్నా యాదికొస్తలేదు.