ఆఫీసర్ల రూములో నేను రాసిన ముక్క

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ధర్మవరంలో పట్టుచీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే పని నాది. రోజంతా గళ్లు గళ్లుగా ఉన్న తెర మీద చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ కూర్చుంటాను. ఒక్క చుక్క అటో ఇటో జరిగిందంటే మగ్గం మీద నెమలి మెడ వంకరపోతుంది. అందుకేనేమో, తప్పు కనబడితే ఊరుకోవడం నాకు చేతకాదు. అవతల ఎవరున్నా చెప్పేస్తాను. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా కళ్లు అంత చురుగ్గా పనిచేయవని ఒక ఆట వల్ల తెలిసింది.

ఆటంటే ఫోన్లో ఆడేది. ఒక్కొక్కరూ ఒక్కో వేషం ఎంచుకుని, గుంపుగా కలిసి రాక్షసుల కోటల మీదికి పోవాలి. ఆ గుంపునే గిల్డ్ అంటారు. మా గిల్డ్‌లో ముప్పైమందికి పైగా ఉన్నాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల వాళ్లే ఎక్కువ. ఒకరి మొహం ఒకరం చూసుకున్నది తక్కువే అయినా అన్నా, అక్కా అని పిలుచుకునేవాళ్లం. నాది డాలు పట్టుకుని అందరికంటే ముందు నిలబడి దెబ్బలు కాచుకునే వేషం. ఆ పనికి నాకంటే తగినవాళ్లు దొరకరని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

మా లీడర్‌ది హిందూపురం. ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. రాత్రి షిఫ్టుకు పోయేవాళ్లు ఇంకా కొందరున్నారని ఆదివారం సాయంత్రం ఐదింటికి పెద్ద పోరు పెట్టేవాడు. అతని కింద ముగ్గురం ఆఫీసర్లం. మా నలుగురికీ విడిగా ఒక రూము ఉండేది. అందులో మేం రాసుకున్నది మిగతావాళ్లకు కనబడదు. పోరు గెలిస్తే దొరికే వస్తువు ఎవరికివ్వాలో అక్కడే తేల్చి, పేరు మాత్రం అందరి రూములో చెప్పేవాళ్లం. పదిమంది ముందర ఫలానావాళ్లకు వద్దు అంటే మనసు నొచ్చుకుంటుందని లీడర్ పెట్టిన పద్ధతి అది. మేమంతా దాన్ని మర్యాద అనుకున్నాం. పెద్దవాళ్లు తేల్చాక ఎందుకని అడగడం కూడా బాగుండదని మిగతావాళ్లు అనుకునేవాళ్లు.

మాకు గాయాలు మాన్పే వైద్యురాలి వేషం ఒకామెది. పెనుకొండ దగ్గర పల్లె. ఆమె ఎప్పుడూ మైకు పెట్టేది కాదు, రాసేది తక్కువ. కానీ ఆమె వెనకాల ఉందంటే నేను ఎంత పెద్ద రాక్షసుడికైనా ఎదురుపోయేదాన్ని. ఒకటే చిక్కు. ఆరు గంటలు కావస్తుండగా, పోరు మధ్యలో, "నెట్ పోతాండాది" అని రాసి ఆగిపోయేది. ప్రతి ఆదివారం అంతే.

ఒక ఆదివారం నేను కనిపెట్టాను. నెట్ నిజంగా పోతే వేషం నిలబడ్డచోటే కొయ్యబారి, కాసేపటికి మాయమైపోతుంది. ఈమె వేషం అట్లా కాదు. ఒక బండ చాటుకు నడిచిపోయి, రాక్షసుడి కంట పడకుండా శుభ్రంగా కూర్చుంటుంది. అంటే నెట్ ఉంది, చెయ్యి ఉంది, ఇష్టమే లేదు. దొంగను పట్టుకున్నంత సంబరపడ్డాను.

ఆ నెలలోనే మాకు ఒక మంత్రదండం దొరికింది. వైద్యం చేసేవాళ్లకే పనికొస్తుంది. అలాంటిది మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఒకసారి ఒకరు చేతబట్టారంటే ఇంకొకరికి మార్చే వీలు లేదు. ఆమె దాదాపు ఏడాదిగా దానికోసమే ఆడుతోందని మాకందరికీ తెలుసు. ఆఫీసర్ల రూములో ఇద్దరు ఆమె పేరే చెప్పారు. అప్పుడు నేను రాశాను: "ఆమెకు వద్దు. నెట్ పోయిందని ప్రతి వారం అబద్ధం చెప్తాండాది. బండ చాటున కూర్చోబెట్టి పోతాది, నేను చూసినా. ఇట్లాంటోళ్లను నమ్మి పోరుకు పోలేం." దాంతో అందరూ వెనక్కి తగ్గారు. దండం ఇంకో కుర్రవైద్యుడికి పోయింది.

ఆమె గొడవ చేయలేదు. మర్నాడు అందరి రూములో ఒక్క మాట అడిగింది: "ఎట్ల తేల్చినారో చెప్తారా?" ఆఫీసర్లు మాట్లాడుకున్నారని లీడర్ జవాబిచ్చాడు. రెండో రోజు మళ్లీ అదే మాట అడిగింది. మూడో రోజూ అదే. కోపం లేదు, దెప్పిపొడుపు లేదు, అక్షరం మారలేదు. అడగడమనే అలవాటే లేని గిల్డ్‌లో ఆ మూడు రోజులూ మిగతావాళ్లు నోరు మెదపలేదు. నాకు ఒళ్లు మండింది. ఆడామె గదా, నేను పోయి నచ్చజెప్పి వస్తానని లీడర్‌తో అన్నాను. నిజానికి నేను పోయింది నచ్చజెప్పడానికి కాదు, నోరు మూయించడానికి.

తర్వాతి ఆదివారం ప్యాసింజర్ రైలెక్కి పెనుకొండలో దిగి, ఆటోలో వాళ్ల పల్లెకు పోయాను. నాకంటే పదేళ్లు చిన్నది. వస్తున్నానని ముందే చెప్పడంతో నా కోసం బొరుగులు తాలింపేసి ఉగ్గాని చేసి పెట్టింది. భర్త బెంగుళూరులో కూలిపనికి పోయాడట. ఇంట్లో అత్త, మామ, ఈమె. ఐదింటికి ఇద్దరం అరుగు మీద పక్కపక్కన కూర్చుని పోరులోకి దిగాం. ఆమె వేళ్లు చూస్తూ నా పని మరిచిపోయాను. తెర పగిలిన ఫోన్, పగులు మీద అంటించిన టేపు. ఆ టేపు మీదే ముప్పైమంది ప్రాణాలు నిలబెడుతోంది.

ఆరు కావస్తుండగా ఆమె తల ఎత్తింది. నాకేమీ వినబడలేదు, ఆమెకు వినబడింది. గబగబా మాకందరికీ ఒకసారి గాయాలు మాన్పింది. తన దగ్గరున్న శక్తినంతా అందులోనే ధారపోసింది. వేషాన్ని నడిపించుకుంటూ పోయి బండ చాటున కూర్చోబెట్టింది. "నెట్ పోతాండాది" అని రాసి, ఫోన్ అరుగు మీద పెట్టి, కొంగు బిగించి లేచింది.

"యాడికి పోతాండావు?" అన్నాను.

"గొర్రెలొస్తాండాయక్కా. పిల్లలను వదలాల."

పోరులో నా డాలును అట్లాగే వదిలేసి నేనూ వెనకాలే పోయాను. పొద్దున మంద మేతకు పోయేటప్పుడు పసి గొర్రెపిల్లలను దొడ్లోనే ఉంచుతారు. సాయంత్రం తల్లులు అరుచుకుంటూ రాగానే ఏ పిల్లను ఆ తల్లికే వదలాలి. వేరే పిల్ల పోతే తల్లి కుమ్ముతుంది, ఒక పిల్ల పస్తుంటుంది. ఆ దుమ్ములో, ఆ అరుపుల్లో ఆమె ఒక్కొక్క పిల్లనూ చంకకెత్తుకుని సరైన తల్లి దగ్గర దించుతోంది. మామ వాకిలి కాస్తున్నాడు. "మా అత్తకు కండ్లు ఆనవు. గుర్తుపట్టేది నేనొక్కదాన్నే" అంది. అరగంట పట్టింది.

"ఈ మాట మాకు చెప్పొచ్చు గదా? నెట్ అనేదెందుకు?" అన్నాను.

ఆమె చేతులు కడుక్కుంటూ చెప్పింది. "చేరిన కొత్తలో మైకు పెట్టింటి అక్కా. గొర్రెలు అరిచినాయి. ఎవరబ్బా సంతలో కూచోని ఆడతాండేది అనింది ఒకామె. అందరూ నగినారు. ఆ పొద్దుట్నుంచీ మైకు పెట్టలేదు."

ఆ ఒకామె నేనే. నాకు గుర్తుంది. ఆమెకు నా గొంతు గుర్తుందో లేదో తెలియదు, తెలుసుకునే ధైర్యమూ నాకు లేకపోయింది. తల కొట్టేసినట్టయింది. నేను చూసిన బండ నిజం, అబద్ధమూ నిజమే. మిగతాదంతా నా పొగరు.

బయలుదేరేటప్పుడు నా కళ్లలోకి చూస్తూ అడిగింది: "మీ రూములో నా గురించి ఏమన్నా రాసినారా అక్కా?"

"ఏం రాయలేదు" అన్నాను.

తిరుగు రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరి తప్పయినా మొహం మీదే చెప్తానని ఊరంతా చాటుకునేదాన్ని, బట్టలకు పట్టిన గొర్రెల వాసన పోకముందే ఎదురుగా నిలబడి బొంకాను. ఆమె ఉగ్గాని ఇంకా కడుపులోనే ఉంది. ధర్మవరం వచ్చేలోగా ఒకటి తేల్చుకున్నాను. ఆ రూము తలుపులు తెరవాలి. మొదటి రోజు నుంచీ రాసిందంతా అందరికీ కనబడాలి. ఇకమీదట ఎవరికి ఏది ఇవ్వాలన్నా అందరి రూములోనే మాట్లాడాలి. ఎవరు కాదన్నా సరే.

అడగకుండా చేస్తే అదీ చాటుపనే అవుతుందని, ముందు లీడర్‌ను కలవడానికి హిందూపురం పోయాను. షిఫ్టు దిగి వచ్చాడు. ఫ్యాక్టరీకి ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"అక్కా, లోపల అనుకున్నదంతా బయట పెడితే రేపట్నుంచి ఎవరూ నోరు తెరవరు. గిల్డ్ రెండు ముక్కలైపోతాది. మూడేండ్లు పట్టింది నాకు ఈ జనాన్ని కూడగట్టేకి" అన్నాడు.

అతని బాధ ఉత్తది కాదు. అందరి ఊళ్లూ అందరి షిఫ్టులూ కంఠతా పెట్టుకుని గిల్డ్ నడిపిన మనిషి. అయినా నేను తగ్గలేదు. "ఆయమ్మ మూడు రోజులడిగింది. మనం నలుగురం తలుపేసుకుని కూచున్నాం. మర్యాద అని పేరు పెట్టుకున్నాం గానీ, అది మనకు మనం చేసుకున్న మర్యాదప్పా. ఆమెకు కాదు."

అతను టీ గ్లాసు దించి, గొంతు తగ్గించాడు. "తెరిస్తే అందరికంటే ముందు నీకే తగుల్తాది. నీ ముక్క చదివితే ఆయమ్మ నీ మొహం చూడదు. ఒక పని చెయ్యి. దాన్ని ఒక్కదాన్నీ తుడిచేసి, మిగతాది తెరువు. నేనెవరికీ చెప్పను."

నిజం చెప్పాలి. ఆశ పుట్టింది. ఆఫీసర్లకు తుడిచే వీలుంది. వేలు అక్కడ ఒక్క క్షణం ఆనిస్తే చాలు. ఆమె దగ్గర మంచి అక్కలాగే ఉండిపోవచ్చు, పైగా రూము తెరిచిన పేరు కూడా నాకే వస్తుంది. ఆ టీ చల్లారేదాకా ఆలోచించాను. అప్పుడు నా మీద నాకే రోత పుట్టింది.

"తుడవను. తగలనీ" అన్నాను. అతను చివరికి తలూపాడు. మిగతా ఇద్దరు ఆఫీసర్లను నేను ఫోన్లో అడిగాను. ఒకతను ఒప్పుకున్నాడు. ఇంకొకతను తిట్టి గిల్డ్ వదిలిపోయాడు. పోనిమ్మన్నాను.

ఆ రోజు మధ్యాహ్నమే రూము తెరిచాం. ఒక గంటలో కనీసం పదిమంది చదివారు. తమ గురించి మేం అనుకున్న మాటలు చూసి కొందరు నవ్వారు, కొందరు అలిగారు, ఇద్దరు వెళ్లిపోయారు. ఆమె దగ్గర్నుంచి రెండు రోజులు ఏమీ లేదు. ఆ రెండు రోజులూ నేను గీసిన అంచును మళ్లీ మొదటి నుంచి గీయాల్సి వచ్చింది.

మూడో రోజు పొద్దున అందరి రూములో ఆమె రాసింది. ఆమె అంత పొడుగ్గా రాయడం మేం ఎన్నడూ చూడలేదు.

"ఆరు గంటలకు నేను పోయేది నిజమే. నెట్ కాదు, గొర్రెలు. ముందే చెప్పల్ల, చెప్పలేదు, అది నా తప్పు. అక్కా, నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు ఏమన్నా రాసినారా అని అడిగినా. ఏం రాయలేదన్నావు. రాసినందుకు నాకు కోపం లేదు. కండ్లతో చూసింది రాసినావు. మా వాకిట్లో నిలబడి లేదన్నావు చూడు, దానికుండాది."

అందరూ చూస్తున్నారు. నేను రాశాను: "అవును. అబద్ధం చెప్పినాను. సంతలో ఆడతాండేదెవరని నగింది కూడా నేనే."

"తెలుసు. గొంతు మర్చిపోతానా" అంది.

ఆఫీసరుగా నేను తప్పుకుంటానని, నా మాటలు చూడ్డానికి కష్టంగా ఉంటే ఇప్పుడు తీసేస్తానని రాశాను. ఆరింటికల్లా ముగిసేట్టు పోరు ఇకమీదట నాలుగున్నరకే మొదలుపెడదామని, షిఫ్టుల సంగతి తాను చూసుకుంటానని లీడర్ రాశాడు. ఆమె అతనికి సరేనంది. నాకూ అక్కడే, అందరి ముందరే జవాబిచ్చింది.

"ఆఫీసరు పని మానుకో. ఆ మాటలు మాత్రం తీసేయొద్దు. మళ్లొకసారి నా గురించి ఏమన్నా అనాలనిపిస్తే ఈడనే అను, నేనుండంగా."

ఆ రోజే ఆఫీసరు పని వదిలేశాను. ఇప్పుడు ఆమె ఆఫీసరు. గిల్డ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా ఆ రూము మొదటి నుంచి చదివిస్తుంది. వాళ్లు నా పేరు దగ్గర ఆగి, ఈమె ఇంకా ఇక్కడే ఉందా అని అడుగుతారు. ఉన్నానని నేనే జవాబిస్తాను.