మిల్లు కాటా

మండపేటలో నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నా జాకెట్లు కుట్టిన కుట్టు టీచరు గారు బాగా లావుగా ఉండేవారు. ఎవరి కొలతా పైకి చదివేవారు కాదు. టేపు చూసి, చేయి అడ్డం పెట్టుకుని పుస్తకంలో రాసుకునేవారు.

ఆవిడ పేషెంటుగా నా దగ్గరికి రెండుసార్లు వచ్చారు. నోరు తెరవకముందే, "ముందు బరువు తగ్గండి, మిగతావి తర్వాత చూద్దాం" అని పంపేశాను. మూడోసారి మా బరువు చూసే మిషను ముల్లు చివరికంటా వెళ్లి ఆగిపోయింది.

"పక్క రైసుమిల్లులో కాటా ఉందిగా, తూయించుకు రండి" అన్నాను, మామూలుగానే.

వెళ్లారు. బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టి, గుమాస్తా ఆవిడ బరువు అరిచి చెప్పాడు. ఆ అరుపు నా గదిదాకా వినబడింది.

తిరిగొచ్చి చీటీ నా బల్ల మీద పెట్టారు. అంకె కనబడకుండా దాని మీద చేయి అడ్డం పెట్టారు.

"మీరు అడగలేదు గానీ డాక్టరు గారూ, నేనొచ్చింది బరువు గురించి కాదండి. ఒక్కసారి ఇక్కడ చూడండి."

చంకలో నిమ్మకాయంత గడ్డ.

"ఎన్నాళ్ల నుంచండీ?"

"మొదటిసారి మీ దగ్గరికి వచ్చినప్పుడు బఠాణీ గింజంతే ఉందండి."