ముక్కు డాక్టరు సాక్సులు

గది తలుపు తీయగానే డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. లోపల మనిషి జ్వరంతో మూలుగుతుంటే గదంతా గులాబీ సెంటు కొట్టి పెట్టారు. బల్ల మీద పూలగుత్తులు, పండ్ల బుట్టలు, గురువుగారు త్వరగా కోలుకోవాలంటూ బంగారు అక్షరాల అట్టలు. ఇది జబ్బుమనిషి ఉండే గదా, ఫొటో స్టూడియోనా? మంచం మీద ఆమెకి పని నేర్పిన పెద్ద డాక్టరు గడ్డం దాకా దుప్పటి కప్పుకుని పడున్నాడు. దుప్పటి చివర ఉన్ని సాక్సులు కనిపిస్తున్నాయి.

ఆ జ్వరం ఎందుకొస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. రక్తం తీశారు, గుండె చూశారు, ఆస్పత్రిలో ఉన్న మిషన్లన్నిట్లో దూర్చి తీశారు. మందులు మారుతున్నాయి, మనిషి మాత్రం దిగజారిపోతున్నాడు. కారణం దొరక్కపోతే ఆయన దక్కడని అందరికీ తెలుసు, పైకి అనేవాడే లేడు. ఆయన భార్య ఫోన్లో ఏడిస్తే, డాక్టరమ్మ తన క్లినిక్కు మూసేసి పక్క ఊరి నుంచి ఉన్నపళంగా బయల్దేరి వచ్చింది.

ఇదే ఆస్పత్రిలో ఒకప్పుడు ఆయన్ని వెనకాల అందరూ ముక్కు డాక్టరు అనేవాళ్ళు. రోగి ఊపిరి, పుండు కట్టు, కక్కిన బేసిను, ఆఖరికి బెడ్‌పాను మూత కూడా తనే ఎత్తి వాసన చూసేవాడు. నోరు అబద్ధం చెబుతుందిగాని ఒళ్ళు చెప్పదని ఆయన మాట. డాక్టరమ్మ పని నేర్చుకోవడానికి చేరిన కొత్తలో, కాలికి పుండు పడ్డ హమాలీ ఒకడొచ్చాడు. కట్టు విప్పగానే ఆమె రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"రుమాలు తియ్యమ్మాయ్," అన్నాడాయన. "తీసి వంగు. ఏం వాసన?"

"చెడ్డ వాసన సార్."

"అది మీ ఇంట్లోవాళ్ళు కూడా చెప్తారు. పుల్లగా ఉందా, తియ్యగా ఉందా, చచ్చిన ఎలకలా ఉందా?"

ఆమె సింకు దగ్గరికి పరిగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. గ్లాసుతో నీళ్ళిచ్చి, పుక్కిలించేదాకా ఆగి, మళ్ళీ ఆ మంచం దగ్గరికే తీసుకెళ్ళాడు. "కానీ. ఇప్పుడు చెప్పు," అన్నాడు. కట్టుకున్న పెళ్ళామే ముక్కు మూసుకుని దూరం జరిగిన మనిషి కాలు మీదకి డాక్టరు ముఖం వంచితే, ఆ హమాలీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడి కాలు నిలబడింది. ఆ రోజు నుంచి ఆమెకి ఆయనంటే ప్రాణం.

ఇప్పుడు ఆస్పత్రి పెద్ద ఆమెతో కలిసి చదివినవాడే. చదువుకునే రోజుల నుంచీ మెడలో టై లేకుండా కనిపించడు కాబట్టి టైగాడు అనే పేరు స్థిరపడింది. కుర్ర డాక్టర్ల మందని వెంటేసుకుని వచ్చాడు.

"అన్నీ చూశాం. మనం చెయ్యనిది లేదు," అన్నాడు.

"కాళ్ళు చూశారా?"

"స్కానింగులో..."

"స్కానింగు సంగతి అడగలేదు. ఆ సాక్సులు విప్పారా?"

కుర్రవాళ్ళు టైగాడి వైపు చూశారు. చివరికి వెనక నుంచి ఒకమ్మాయి అంది. "పెద్ద సార్ కదా మేడం. అస్తమానం ముట్టుకుని ఇబ్బంది పెట్టొద్దన్నారు."

మూల కుర్చీలోంచి ఆయన భార్య గొంతు లేచింది. "నేను కాళ్ళు తుడుస్తానంటే కూడా వద్దన్నారమ్మా. మేమున్నాం, మీరు కూర్చోండి అన్నారు. ఇక్కడ చేరిన రోజు చలి చలి అంటుంటే ఆ సాక్సులు తొడిగాను, అంతే. నిన్న ఏదో వాసనొస్తోందంటే ఆ సెంటు కొట్టించారు."

డాక్టరమ్మకి రోత పుట్టింది. పుండుకి కాదు, ఆమె ఇంకా పుండు చూడలేదు. ఈ మర్యాదకి. పైన పటారం, లోన లొటారం. రోజూ వచ్చి మంచం చివర చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఆయన గొప్పతనం గురించి మాట్లాడారు, ఆయన పాదాలకి మూరెడు దూరంలో నిలబడి మాట్లాడారు. ఛీ, ఏం బతుకులు!

ఆమె సాక్సు లాగింది. రాలేదు. చర్మానికి అతుక్కుపోయింది. నీళ్ళతో తడిపి మెల్లగా విప్పింది. గులాబీ సెంటు ఒక్కసారిగా ఓడిపోయింది. కుర్రవాళ్ళు వెనక్కి జరిగారు, టైగాడు జేబులోంచి రుమాలు తీశాడు. ఎన్నో ఏళ్ళ షుగరు జబ్బు వల్ల ఆయన పాదాలకి స్పర్శ ఎప్పుడో పోయింది. కిందటేడు పట్టిన జలుబుతో వాసన కూడా తెలియకుండా పోయింది. ఊరందరి పుండ్లూ పసిగట్టినవాడు సొంత కాలు కుళ్ళుతుంటే తెలుసుకోలేకపోయాడు.

ఆమె వంగింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఎవరూ?"

"నేనే సార్."

"ఓ, నువ్వా అమ్మాయ్." కాసేపు ఆమెనే చూశాడు. "ఏం వాసన?"

ఆమె ఇంకా కిందికి వంగింది. "చచ్చిన ఎలక సార్."

"ఎందాకా?"

"వేళ్ళన్నీ పోయాయి. మడమ దాకా నల్లబడింది."

"అంటే పాదం తియ్యాలి."

"తీస్తే మీరు దక్కుతారు సార్."

ఆయన తలూపాడు. భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆపరేషన్ గది సిద్ధం చెయ్యమని డాక్టరమ్మ పురమాయించింది. స్ట్రెచరు వచ్చింది. ఎత్తబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఈ పిల్లల్ని రమ్మను. ఈ పాదం పారేసేముందు ఒకసారి పనికొస్తుంది."

కుర్రవాళ్ళు వరసగా వచ్చారు. ఒక్కొక్కరూ వంగారు, ఒక్కొక్కరూ చెప్పారు. ఇందాక వెనక నుంచి మాట్లాడిన అమ్మాయి సింకు దగ్గరికి పరిగెత్తి కక్కింది. డాక్టరమ్మ ఆమెకి గ్లాసుతో నీళ్ళిచ్చి వెనక్కి తీసుకొచ్చింది. గడపలో టైగాడు ఒక్కడే మిగిలాడు. ముక్కు మీద రుమాలు అలాగే ఉంది.

"రుమాలు తియ్యి బాబూ," అన్నాడు పెద్దాయన. "వంగు. ఏం వాసన?"

టైగాడు రుమాలు తీసి, ఇలా వంగి అలా లేచాడు. "సార్... అది... బాగా చెడ్డ వాసన సార్."

"నాకు ముక్కు పోయిందిరా. నువ్వే చెప్పాలి. మళ్ళీ వంగు."