నిమిషం మాస్టారి ముల్లంగి మడి

"చెయ్యి బాగుచెయ్యండయ్యా అని వస్తే ముల్లంగి వెయ్యమంటారేంటే? వీళ్ళకి తోటమాలి దొరకలేదా?"

ఆసుపత్రి పెరట్లో తన వాటాకొచ్చిన మడి ముందు కూర్చుని నిమిషం మాస్టారు భార్య మీద ఎగిరారు. పాపం, ఆవిడేం చేస్తుంది? "డాక్టరుగారు రాసిచ్చారు కదండీ, చెయ్యండి," అంది.

మాస్టారిది వాచీలు బాగుచేయడంలో ముప్పై ఏళ్ళు తిరిగిన చెయ్యి. చెప్పుల కొట్టుకీ మేడమెట్లకీ మధ్య, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటుండాల్సినంత కొట్టు. ఎవరొచ్చి "అయిందా మాస్టారూ?" అన్నా తలెత్తకుండా "ఒక్క నిమిషం" అనేవారు. ఆ నిమిషం ఒక్కోసారి మధ్యాహ్నం దాకా సాగేది. పేరు అలా వచ్చింది. మూడు నెలల కిందట ఒక పాత వాచీ విప్పి ముందేసుకుని ఉండగా పక్షవాతం కొట్టింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం అలిగి కూర్చున్నాయి. చిన్న పట్టకారు పట్టేది ఆ రెండు వేళ్ళే, అవి లేకపోతే ఆయనకు కొట్టూ లేదు, పేరూ లేదు. విప్పిన వాచీ పంతొమ్మిది ముక్కలూ ఇంకా ఆ బల్ల మీదే, బోర్లించిన గాజుగ్లాసు కింద ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో ఆయనకొక్కరికే తెలుసు. భార్య మధ్యాహ్నం పూట కొట్టు తీసి బ్యాటరీలు మారుస్తోంది, బెల్టులు వేస్తోంది, ఆ గ్లాసు జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వదు. ఆనాటి నుంచి "ఒక్క నిమిషం" అన్నమాట ఆయన నోట ఎవరూ వినలేదు.

థెరపీ అమ్మాయి మొదటిరోజే అన్నీ చెప్పింది. "కుడిచేత్తోనే మాస్టారూ. రెండు వేళ్ళతో గింజ పట్టుకుని, గుంటకో గింజ వెయ్యాలి." మాస్టారి చెవికి "గుంటకో గింజ" అన్నదొక్కటే ఎక్కింది. పనిమంతుడు కదా, పని ఎలా ఉండాలో వింటాడు గానీ ఏ చెయ్యి చెయ్యాలో వింటాడా!

వేళ్ళతో ప్రయత్నించారు. గింజ జారిపోయింది. ఇంకోటీ జారింది. చిరాకెత్తి ఇంటికెళ్ళి, ఎడమచేత్తో, పళ్ళతో, భార్య పట్టుకుంటూ ఉంటే, వారం రోజులు కూర్చుని ఒక పాత పెన్నును విప్పి యంత్రం చేశారు. పైన నొక్కితే కింద ఒక్క గింజే టక్కున పడుతుంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని గంటలో మడంతా నింపేశారు, గీత గీసినట్టు.

పక్కమడి బస్సు డ్రైవరుది. ఆయనకూ అదే జబ్బు. ఎదురైన ప్రతివాణ్ణీ బావా అని పిలవడం ఆయన అలవాటు. ఆయన వేళ్ళతో కిందామీదా పడి, గుంటకు ఐదో ఆరో జార్చి, మిగిలినవి దారిలో పోశాడు.

"ఏంటి బావా, ముల్లంగి వేశావా, కోళ్ళకి మేత వేశావా?" అన్నారు మాస్టారు.

"నీకేం బావా, నువ్వు యంత్రం పెట్టావు," అని డ్రైవరు నవ్వేశాడు.

పదిరోజులకు మాస్టారి మడి చూడ్డానికి నర్సులు కూడా వచ్చారు. మొక్కకీ మొక్కకీ జానెడు దూరం, వెంట్రుకవాసి తేడా లేదు. డ్రైవరు మడి చింపిరిజుట్టులా ఉంది. థెరపీ అమ్మాయి వచ్చి ఆ చింపిరిజుట్టును చూసి "బాగుంది!" అని మురిసిపోయింది. మాస్టారి మడి చూడగానే ఆ మొహం వాడిపోయింది.

"ఈ వారం పని ఒత్తుగా వచ్చిన మొక్కలు ఆ రెండు వేళ్ళతో పీకడం మాస్టారూ. మీ మడిలో పీకడానికేముంది?"

"ఉండకూడదనే కదమ్మా అలా వేశాను!"

"ఏ చేత్తో వేశారు?"

"ఎడమచేత్తో."

"అయితే ఎడమచేతికి నూటికి నూరు," అని ఆయన కుడిచేతిలో అగ్గిపుల్ల పెట్టింది. అది జారి కిందపడింది. అవతల డ్రైవరు చొక్కా గుండీ తనే పెట్టుకుంటున్నాడు.

మాస్టారు ఆ అగ్గిపుల్లను కాలితో పక్కకి నెట్టేశారు. మడి పాడుచేసినవాడికి మెప్పా? బాగుచేసినవాడికి చీవాట్లా? ఇదేం లెక్క? ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా అదే గొణుగుడు. "పని చెప్పారు, చేశాను. నా తప్పేంటో చెప్పవే!"

ఆవిడ ఆయన కంచంలో మజ్జిగ పోసింది. తర్వాత మెల్లగా అంది. "గింజలెయ్యడానికి పెన్ను చేశారు. ఆ గ్లాసు కింద వాచీ బిగించడానికి ఏం చేస్తారండీ?"

మాస్టారు ఎడమచేతిలోని చెంచా కింద పెట్టేశారు. ఆయనకు భయమేసింది. ఇన్నాళ్ళూ కోపమనుకున్నది భయమేనని ఆయనకే అప్పుడు తెలిసింది.

మర్నాడు పెరట్లోకి వెళ్ళి, పెన్ను డ్రైవరు ముందు పెట్టి, నేల చూపులు చూస్తూ అడిగారు. "బావా, ఇది తీసుకుని నీ మడిలో నాలుగు మొక్కలు పీకనిస్తావా?"

"ఓరి నీ! నా కోళ్ళమేత మీదికి మళ్ళిందా నీ మనసు? కూర్చో, కూర్చో. పెన్ను నువ్వే ఉంచుకో, అది పట్టుకుంటే నా వేళ్ళూ నీవాటిలాగే అవుతాయి."

మొదటి మొక్క వేళ్ళకు అందనేలేదు. రెండోది ఆకు తెగింది. మూడోది నలిగి పచ్చటి పసరైంది. ఎడమచెయ్యి తనంతట తనే ముందుకొస్తుంటే మోకాలి కింద అదిమిపెట్టి మరీ కూర్చున్నారు. చెమట కళ్ళలోకి కారింది. ఇలా మొక్కల్ని చంపితే తన చేతివేళ్ళెలా బతుకుతాయో ఆయనకు ఇంకా అర్థం కాలేదు. పదో పదిహేనో పాడయ్యాక, ఒకటి మట్టితో సహా కదిలింది.

"టైమైంది మాస్టారూ, లేవండి," అంది థెరపీ అమ్మాయి వెనకనుంచి.

మాస్టారు తలెత్తలేదు. "ఒక్క నిమిషం."

గేటు దగ్గర చెప్పులు వేసుకుంటున్న భార్య ఆగిపోయింది. ఇంకోసారి అంటారేమోనని చెవి ఒగ్గి నిలబడింది. "ఒక్క నిమిషం అన్నానా!" అని ఈసారి విసుక్కున్నారు కూడా. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, చెప్పులు విడిచేసి, వెళ్ళి పెరట్లో చెట్టుకింది బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఇక ఆయన కదలరని ఆవిడకు తెలుసు.