పగిలిన స్ఫటికాలు

ఈ మాటను ఏళ్ల తరబడి మోయలేక మోస్తున్నాను. ఎక్కడ కూర్చున్నా కుదురుండదు. ఎవరైనా మెచ్చుకుంటే అసలే ఉండదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది గోదావరిఖని. బొగ్గుబావి నుంచి తోడిపోసిన నీళ్లలో దొరికిన ఒక బ్యాక్టీరియా మీద పట్నంలో పరిశోధన చేసేవాణ్ణి. దాని ఎంజైము ఆకారం ఏమిటి, తన ఆహారం తగిలినప్పుడు అది ఎలా కదులుతుంది? అదే మా ప్రశ్న. ల్యాబులో నాతో పాటు సరిత ఉండేది. రామకృష్ణాపూర్ పిల్ల, నాకంటే చిన్నది. మా వైపు పిల్ల అని నేనే చేరదీశాను. ఆ ఎంజైమును స్ఫటికాలుగా పెంచడం మాలో ఎవరికీ చేతకాలేదు, ఆమెకే వచ్చింది. స్ఫటికం నిలిస్తేనే ఎక్స్‌రేలో ఆకారం తెలుస్తుంది.

ఒక రోజు కొన్ని స్ఫటికాల మీద ఆ ఆహారం కలిపిన చుక్క వేసింది, కొన్నింటి మీద ఉత్త ద్రావణం. ఆహారం తగిలినవన్నీ మా కళ్ల ముందే పగిలిపోయాయి. ఆమె మొహం పాలిపోయింది.

"అన్నా, గిట్లెందుకైంది? ఇప్పటిదాక మంచిగనే ఉండె గదా."

"నీ చెయ్యి వణికినట్టుంది చెల్లె. ఫికర్ చెయ్యకు."

"వణకలే అన్నా." తన చేతినే చూసుకుంటూ అంది. "వణికిందేమో."

అదే పళ్లెంలో పక్క గుంటలో ఉత్త ద్రావణం వేసిన స్ఫటికాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అవీ ఆ చేత్తో వేసినవే. నాకప్పుడే అర్థమైంది. ఆహారం తగలగానే ఎంజైము పిడికిలిలా ముడుచుకుంటోంది, లోపల అన్నీ ఒక్కసారిగా కదిలేసరికి స్ఫటికం తట్టుకోలేకపోయింది. మేం వెతుకుతున్న కదలిక అదే. మా ఊళ్లో గోడ పగిలితే ఎవరూ మేస్త్రీని తిట్టరు, ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు వైపు చూస్తారు. ఆ గోడల మధ్యే పెరిగిన నేను మేస్త్రీని తప్పుపట్టాను. ఎందుకు? అసూయ. ఇంకో పేరు పెట్టి చూశాను, కుదరలేదు.

ఆ తర్వాత ఆమెకు ఏది పట్టుకోవాలన్నా భయమే. పరిశోధన మధ్యలో మానేసి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. ఆపలేదా, పోతే బాగుండునని ఎదురుచూశానా? ఆమె వెళ్లిపోయాక, ఆమె నేర్పిన పద్ధతిలోనే, ఎంజైమును ముందే ఆహారంతో కలిపి స్ఫటికాలు పెంచాను. ముడుచుకున్న ఆకారం వచ్చింది. పేరు నాకొచ్చింది.

మొన్న మంచిర్యాలలో కనిపించింది. రక్తపరీక్షలు చేసే చోట వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటోంది. నువ్వెందుకు రక్తం తీయవని అడిగితే నవ్వి, "నా చెయ్యి నిలకడ లేదు గదన్నా, నువ్వే చెప్తివి" అంది. చాయ్ తెప్పించింది. తాగి వచ్చేశాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందో లేదో. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీరిచ్చేది కాదు. ఒక్క మాట బయటపెడితే ఇవాళ కాస్త ఊపిరాడుతుందని ఆశ, అంతే. ఆ రోజు సరిత చెయ్యి వణకలేదు. పక్కనే నిలబడి నేను చూశాను.